ఒడిశా సరిహద్దు కొండల్లో నడక, ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలైతే చాలు, కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల కొండల గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లూ అడుగుతారు. జైపూర్, రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడిల్లో తరాలుగా ఉంటూ ఇంతవరకు కొండ ఎక్కని మనవాళ్లూ అడుగుతారు. సందేహాలు మాత్రం అవే. అందుకని అన్నీ ఒకచోట రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదివినా అర్థమవుతుంది. ఈ కొండలు ఖాళీ స్థలాలు కావన్నది నా గట్టి నమ్మకం. ప్రతి గట్టు కిందా ఒక ఊరుంది, ప్రతి ఊరికీ కొండ మీద ఒక దేవుడి చోటుంది. జవాబులన్నీ ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే రాశాను.

## బయల్దేరే ముందు

మొదటిసారి వస్తున్నాం. దేవమాలికి వెళ్లాలా, మహేంద్రగిరికి వెళ్లాలా?

చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే దేవమాలి. ఒడిశాలో ఎత్తైన శిఖరం అదే, 1,672 మీటర్లు. కొరాపుట్ జిల్లాలో పొట్టంగి, సెమిలిగుడల వైపు ఉంది. పైదాకా రోడ్డు ఉంది. పైన చెట్లు తక్కువ, గడ్డి మైదానం ఎక్కువ కాబట్టి నాలుగు దిక్కులా కొండల వరసలు కనిపిస్తాయి. నడవాలనుకునేవాళ్లు బండి కిందే ఆపి ఎక్కడం మంచిది. పైదాకా కారులో వెళ్లి దిగితే కొండ ఎంత పెద్దదో తెలియకుండానే తిరిగి వచ్చేస్తారు.

మహేంద్రగిరి గజపతి జిల్లాలో ఉంది, 1,501 మీటర్లు. అక్కడ అడవి దట్టం. పైన కుంతి, యుధిష్ఠిరుడు, భీముడి పేర్లతో పాత రాతి గుళ్లున్నాయి. మహేంద్రతనయ నది పుట్టింది ఆ కొండల్లోనే. శివరాత్రికి ఒడిశా వైపు నుంచీ, శ్రీకాకుళం వైపు నుంచీ జనం పోటెత్తుతారు. భక్తితో వెళ్లేవాళ్లకు అదే సమయం. ప్రశాంతంగా ఫోటోలు తీసుకోవాలంటే ఆ వారం వదిలేయండి.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

ఏం తీయాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. వానలు వెనక్కి తగ్గే అక్టోబరు నుంచి నవంబరు మధ్య నాకు బాగా ఇష్టం. దుమ్మంతా వానకు కడుక్కుపోయి దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి, గడ్డి ఇంకా పచ్చగానే ఉంటుంది, వలిసె చేలు పూస్తాయి. అరకులో జనం ఎగబడి ఫోటోలు దిగే పసుపు పూలు ఇవే. పొట్టంగి, సెమిలిగుడ చుట్టుపక్కల వాలుల్లో వరి మళ్ల పైన, చోడి (రాగి) చేల పక్కన చిన్న చిన్న ముక్కలుగా కనిపిస్తాయి. దగ్గరగా వెళ్లి చూడండి: ఒక్కో పువ్వు రూపాయి బిళ్లకంటే కాస్త పెద్దది, ఉదయం పూట ఒక్కో పువ్వు మీదా తేనెటీగ ఉంటుంది. చేనులోకి దిగకండి. అది వాళ్ల నూనె గింజల పంట, ఒక కాలిబాట పడితే ఆ మేరకు గింజ పోతుంది.

డిసెంబరు, జనవరి లోయల్లో మంచు కోసం. ఫిబ్రవరి చివర నుంచి పోడు పొగ, అడవి మంటల పొగ వల్ల దూరం మసకబారుతుంది. ఏప్రిల్, మేలో సాయంత్రాలు పిడుగులు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు జలపాతాలు నిండుగా ఉంటాయి కానీ శిఖరం మీద మేఘం తప్ప ఏమీ కనిపించని రోజులే ఎక్కువ. గెడ్డలు (కొండ వాగులు) కూడా ఉన్నట్టుండి పొంగుతాయి.

అంత ఎత్తులో ఆక్సిజన్ తగ్గుతుందా?

టెన్షన్ అక్కర్లేదు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. ఇక్కడి శిఖరాలేవీ ఆ ఎత్తుకు దరిదాపుల్లో లేవు. ఆయాసం వస్తే అది అలవాటు లేకపోవడం వల్లే. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి రావాలి.

చలి ఎంత ఉంటుంది? స్వెటర్ చాలదా?

వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే సెమిలిగుడలో 10 డిగ్రీలున్న ఉదయం దేవమాలి పైన 5 దగ్గర ఉండవచ్చు. పైన గాలిని ఆపడానికి చెట్టు కూడా లేదు. స్వెటర్ పైన గాలి చొరబడని జాకెట్, చెవులు కప్పే టోపీ, చేతులకు గ్లవ్స్ ఉండాలి. నడిచేటప్పుడు చెమట పడుతుంది, ఆగి ట్రైపాడ్ పెట్టగానే ఆ తడే వణుకు పుట్టిస్తుంది. అందుకని పొడి బనియన్ ఒకటి సంచిలో పెట్టుకోండి, పైకి చేరగానే మార్చుకోవచ్చు.

ఎలా చేరుకోవాలి?

కొరాపుట్ వైపైతే విజయనగరం, సాలూరు, సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, సెమిలిగుడ వచ్చే 26వ నంబరు జాతీయ రహదారి. రైల్లోనైతే విశాఖ నుంచి అరకు మీదుగా కొరాపుట్ వచ్చే కొత్తవలస–కిరండూల్ లైను. ఆ ప్రయాణమే సగం యాత్ర, పగటి రైలు ఎంచుకోండి. గజపతి వైపైతే నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ వెళ్లే లైను ఉంది. రాయగడ విశాఖ–రాయ్‌పూర్ మార్గంలోనే ఉంది. స్టేషన్ నుంచి కొండ కిందికి చేరడానికి మాత్రం జీపో, సొంత బండో ఉండాలి. ఊరి బస్సులున్నా తెల్లవారుజామున దొరకవు.

పర్మిషన్లు కావాలా? మావోయిస్టుల భయం ఉందా?

దేవమాలి, మహేంద్రగిరి లాంటి అందరూ వెళ్లే చోట్లకు మామూలుగా వెళ్లి రావచ్చు. రిజర్వ్ ఫారెస్టులో దారి విడిచి నడవాలన్నా, రాత్రి ఉండాలన్నా ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అడగాలి. ఇక భయం గురించి. ఒకప్పటి కొరాపుట్ వేరు, ఇప్పటి కొరాపుట్ వేరు. కుటుంబాలు పిల్లలతో వస్తున్నాయి. అయినా మల్కనగిరి లోపలి కొండలకు, ఆంధ్రా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవులకు వెళ్లేముందు దగ్గరి పోలీస్ స్టేషన్లో పేరు, ఫోన్ నంబరు, తిరిగొచ్చే టైము చెప్పండి. ఆధార్ దగ్గరుంచుకోండి. భద్రతా బలగాల క్యాంపులను, వాళ్ల వాహనాలను ఫోటో తీయకండి.

కొటియా గ్రామాల వైపు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. పొట్టంగి బ్లాకుకూ, మన సాలూరు వైపుకూ మధ్యలో ఉన్న ఈ 21 ఊళ్లను ఒడిశా, ఆంధ్రా రెండూ తమవే అంటున్నాయి. వివాదం కోర్టులో ఉంది. నడిచేవాళ్లకు దాంతో ఇబ్బంది ఏమీ లేదు. ఆ ఊళ్లలో తెలుగు బాగా నడుస్తుంది. ఎన్నికల రోజుల్లో, నాయకుల పర్యటనలున్న రోజుల్లో వెళ్లకండి. ‘మీరు ఏ రాష్ట్రం’ అని అక్కడివాళ్లను అడగకండి. ఆ ప్రశ్న వాళ్లకు విసుగు పుట్టించి చాలా కాలమైంది.

## నడకలో

ఎక్కి దిగడానికి ఎంతసేపు పడుతుందో ముందే ఎలా తెలుసుకోవాలి?

కొండ నడకలో పాత లెక్క ఒకటుంది: చదునుగా ఐదు కిలోమీటర్లకు గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఎనిమిది కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే రెండున్నర గంటల పైన. ఇది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. కెమెరా ఉన్నవాళ్లు దీన్ని రెట్టింపు చేసుకోవాలి.

దానికన్నా ముఖ్యం, లెక్క దిగే టైము నుంచి మొదలుపెట్టండి. ఎక్కేటప్పుడు ఎవరూ దారి తప్పరు, శిఖరం కనిపిస్తూనే ఉంటుంది. సాయంత్రం వెలుగు కోసం ఆగి, సూర్యుడు మునిగాక ఇంకో పది నిమిషాలు ఎర్రరంగు కోసం ఆగి, చీకట్లో దిగేటప్పుడే కాళ్లు బెణుకుతాయి, దారులు తప్పుతాయి. దేవమాలి మీద ఎర్రటి గుల్లరాయి ఉంది. దాని నుంచి విడిపోయిన బఠాణీ గింజలంత గులకలు వాలు మీద పరుచుకుని ఉంటాయి. ఎక్కేటప్పుడు వాటిని గమనించరు. దిగేటప్పుడు మడమ పెట్టగానే దొర్లిపోతాయి. అందుకే సూర్యాస్తమయం తీయాలంటే దిగే దారిని పగలే ఒకసారి నడిచి చూడండి, ఒక్కొక్కరికీ ఒక హెడ్‌ల్యాంప్ ఉండాలి. ఫోన్ టార్చి లెక్కలోకి రాదు, ఒక చేయి దానికే పోతుంది.

గూగుల్ మ్యాప్ చాలదా?

రోడ్డుకు చాలు, కాలిబాటకు చాలదు. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 మ్యాపులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. అందులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఎత్తు గీతలు 20 మీటర్లకు ఒకటి. గీతలు దగ్గర దగ్గరగా ఉన్న చోట వాలు నిటారుగా ఉందని అర్థం. ఒక సాయంత్రం కూర్చుని చదివితే వచ్చేస్తుంది. ఇంకా మంచిది, ఊరి నుంచి ఒక మనిషిని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లడం. ఏ బాట ఎక్కడికి పోతుందో, ఏది పశువులు వేసిన బాటో వాళ్లకు తెలిసినంత ఏ మ్యాపుకీ తెలియదు.

గెడ్డలో నీళ్లు తాగొచ్చా?

పైన ఊరుందేమో మీకు తెలియదు కాబట్టి నేరుగా తాగకండి. మరిగించండి, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. మనిషికి మూడు లీటర్లు కింది నుంచే మోసుకెళ్లడం ఉత్తమం. ఎండాకాలంలో పైన చుక్క దొరకదు.

పిడుగులంటే భయం. ఏం చేయాలి?

భయపడటం సబబే. ఒడిశాలో ఏటా పిడుగుపాటుకు చాలామంది చనిపోతున్నారు. శిఖరం మీద, గట్టు అంచున అందరికన్నా ఎత్తున ఉండేది మీరే. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. ముప్పై కన్నా తక్కువ వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు, వెంటనే దిగండి. ఒంటరి చెట్టు కింద నిలబడకండి. ట్రైపాడ్ వదిలేయండి. గుంపుగా ఉంటే ఒకరికొకరు దూరంగా నడవండి. చివరి ఉరుము విన్నాక అరగంట వరకు మళ్లీ పైకి వెళ్లకండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రెండింటికల్లా గట్టు దిగేసి ఉండాలన్నది నేను తప్పకుండా పాటించే నియమం.

ఏనుగులు, ఎలుగుబంట్లు ఎదురైతే?

గజపతి జిల్లా లఖారి లోయ వైపు, శ్రీకాకుళం, మన్యం సరిహద్దులో ఏనుగులు తిరుగుతాయి. ముందు రోజు ఎక్కడ కనిపించాయో ఊళ్లో అడిగితే చెబుతారు. వాళ్లు వద్దంటే ఆ దారి మానేయండి, బేరం ఆడకండి. ఎలుగుబంట్లకు ఇప్పపూలంటే ప్రాణం. మార్చి, ఏప్రిల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల కిందకు వస్తాయి. ఫోటోగ్రాఫర్లు నడిచేదీ అదే టైములో. అప్పుడు మాట్లాడుకుంటూ, కర్రతో చప్పుడు చేస్తూ నడవండి. ఎదురైతే పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగండి.

పైన టెంట్ వేసి మంట వేసుకోవచ్చా?

టెంట్‌కు అనుమతి అడగండి. మంట మాత్రం వద్దు. డిసెంబరు తర్వాత ఆ గడ్డి నిప్పురవ్వ పడితే చాలు అంటుకుంటుంది, వాలు మీద మంట పైకి మనిషి కన్నా వేగంగా పాకుతుంది. టీ కోసం చిన్న గ్యాస్ స్టవ్ చాలు.

## కెమెరా పని

సూర్యోదయానికి ఎన్నింటికి పైన ఉండాలి?

డిసెంబరు చివర సూర్యుడు ఆరున్నర ప్రాంతంలో వస్తాడు, మే చివరలో ఐదుంబావు దాటగానే వస్తాడు. కానీ మంచి రంగు సూర్యుడి కన్నా ముందే వచ్చిపోతుంది. కనీసం గంట ముందు ట్రైపాడ్ నిలబెట్టి ఉండాలి. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం జైపూర్ పక్క నుంచే పోతుంది. అందుకే ఇక్కడ ఎండ నడినెత్తికి సరిగ్గా పన్నెండు ప్రాంతంలోనే వస్తుంది. ఆ వేళ కెమెరా సంచిలో పెట్టి, అన్నం తిని, నిద్రపోండి.

లోయ నిండా మంచు, పైన మనం. అలాంటి ఫోటో ఎప్పుడు దొరుకుతుంది?

గాలి లేని, మబ్బు లేని చలి రాత్రి తర్వాత. నేల వేడి పైకి పోయి చల్లబడుతుంది, ఆ చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అక్కడి మళ్లు, గెడ్డలు, కొలాబ్ జలాశయం నుంచి వచ్చే తేమ కలిసి మంచు కమ్ముతుంది. పైన గాలి కాస్త వెచ్చగా ఉండి మూతలా ఆపడంతో మంచు లోయ దాటి రాదు. ఒక వాన పడి, మర్నాడు ఆకాశం తేటపడిన రాత్రి ఉందా, తెల్లారేసరికి తప్పకుండా పైన ఉండండి. ఈదురుగాలి రాత్రయితే హాయిగా పడుకోవచ్చు. ఎండ తగిలాక మంచు కదలడం, చీలడం మొదలవుతుంది. నన్నడిగితే అసలు ఫోటోలు అప్పుడే, ఊళ్లు, చెట్ల తలలు ఒక్కొక్కటే బయటపడుతుంటాయి. చాలామంది సూర్యుడు రాగానే సర్దుకుని దిగిపోతారు. ఇంకో గంటన్నర ఆగండి.

దూరపు కొండలు తెల్లగా, పాలిపోయినట్టు వస్తున్నాయి. ఏం చేయాలి?

గాలిలోని తేమ, దుమ్ము వెలుతురును చెదరగొట్టడం వల్ల దూరం పెరిగేకొద్దీ కొండ లేత నీలంగా మారుతుంది. దాన్ని పూర్తిగా తీసేయాలని చూడకండి. ఒక వరసకీ ఇంకో వరసకీ తేడా చూపించేది అదే. 70–200 ఎంఎం లాంటి జూమ్ లెన్సుతో నాలుగైదు వరసలను దగ్గరకు తీసుకోండి. సూర్యుడు పక్క నుంచి ఉంటే పోలరైజర్ (లెన్సు ముందు బిగించే, మెరుపును తగ్గించే ఫిల్టర్) బాగా పనిచేస్తుంది, ఎదురుగానో వీపు వెనుకో ఉంటే దాంతో పెద్ద లాభం లేదు. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి, రా ఫైలుగా (కెమెరా కుదించని అసలు ఫైలుగా) తీయండి. అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 8, ఎఫ్ 11 చాలు, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్ 22 పెడితే అంతా మరింత స్పష్టంగా వస్తుందనుకుంటారు, నిజానికి చిన్న రంధ్రం వల్ల వివరం మెత్తబడుతుంది.

నా దగ్గర ఫోనే ఉంది. కెమెరా కొనాలా?

ముందు ఫోన్‌తోనే నేర్చుకోండి. కొండ పెద్దది కదా అని అందరూ 0.5 వైడ్ పెడతారు, దాంతో కొండ గులకరాయంత అయిపోతుంది. 2 లేదా 3 రెట్ల లెన్సు వాడండి, అది ఫోన్లో నిజంగా ఉన్న లెన్సే అయి ఉండాలి. ఆకాశం మీద వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుతురు కిందికి జరపండి. చీకట్లో ఫోన్‌ను రాయికి ఆనించి టైమర్ పెట్టండి.

నక్షత్రాలు తీయడానికి దేవమాలి పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. అమావాస్యకు అటూ ఇటూ రండి. పాలపుంత మధ్యభాగం డిసెంబరు, జనవరిలో కనిపించదు, మార్చి, ఏప్రిల్లో తెల్లవారుజామున ఆగ్నేయం వైపు లేస్తుంది. చలికాలంలో పిల్లలకోడి, మృగశిర నడినెత్తి దగ్గరకు వస్తాయి, వాటిని తీయండి. షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో తెలియాలంటే 500ని లెన్సు మిల్లీమీటర్లతో భాగించండి: 20 ఎంఎం లెన్సుకు 25 సెకన్లు. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి.

లెన్సు మీద చెమ్మ పడుతోంది.

వెచ్చటి కారులోంచి చలిలోకి కాదు, చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చినప్పుడే అసలు ప్రమాదం. దిగేముందే కెమెరాను జిప్ కవర్లో మూసి, గదికి వచ్చాక గంట తర్వాత తెరవండి. పైన మంచు పడుతుంటే లెన్సును కిందికి వంచి ఉంచండి, నోటితో ఊదకండి. స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎగరేసే చోటు ఏ జోన్లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో చూడాలి, గ్రీన్ జోన్లో కూడా 120 మీటర్లు దాటకూడదు. సునాబెడలో హెచ్ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారం ఉంది, కొలాబ్, మాచ్‌ఖండ్‌లలో జల విద్యుత్ కేంద్రాలున్నాయి. వాటి దగ్గర తీసే ఆలోచనే వద్దు. ఊరి మీదుగా ఎగరేయకండి. పశువులు బెదురుతాయి, పెరట్లో స్నానాలు చేసేవాళ్లుంటారు.

## ఊళ్లు, మనుషులు

ఊళ్లో వాళ్లకు తెలుగు అర్థమవుతుందా?

సంతల్లో, రోడ్డు పక్క ఊళ్లలో చాలామందికి అర్థమవుతుంది. కొరాపుట్ లోపలి ఊళ్లలో తెగల మధ్య వాడుక భాష దేశియా ఒడియా, ఇళ్లలో కువి, పరజా, గదబ. గజపతి, గుణుపూర్ వైపు సవర. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, వాచకాలు రాసింది ఈ కొండల పిల్లల కోసమే. మనం కనీసం నాలుగు మాటలైనా నేర్చుకుని వెళ్లొచ్చు. చేతులు జోడించి ‘జుహార్’ అంటే చాలు, ముఖాలు విచ్చుకుంటాయి.

సంతలో ఆడవాళ్లు నగలతో ఎంతో బాగుంటారు. ఫోటోలు తీసుకోవచ్చా?

అడిగి తీయండి. వద్దని తల తిప్పుకుంటే కెమెరా దించేయండి. దూరం నుంచి జూమ్ చేసి దొంగచాటుగా తీయడం తప్పు. బొండా, డోంగ్రియా కొంధ్, లాంజియా సవర లాంటి తెగలు ఒడిశాలోని 13 అతి బలహీన గిరిజన తెగల్లో ఉన్నాయి. వాళ్ల ఊళ్లకు వెళ్లడం, ఫోటోలు తీయడం మీద ప్రభుత్వ ఆంక్షలున్నాయి. జిల్లా అధికారుల అనుమతి లేకుండా ప్రయత్నించకండి. మన పెళ్లిలోనో, పెరట్లోనో ఎవరో తెలియని మనిషి చెప్పకుండా ఫోటోలు తీస్తే ఊరుకుంటామా?

నియమగిరి ఎక్కొచ్చా?

అది డోంగ్రియాల దేవుడు నియమరాజు కొండ. బాక్సైట్ తవ్వకాల మీద గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, 12 గ్రామసభలూ వద్దన్నాయి. అలా కాపాడుకున్న కొండ మీదకు ఊరి మాట లేకుండా ఎక్కకూడదు. రోడ్డు మీద నుంచి కనిపించే వరసలే చాలా అందంగా ఉంటాయి, వాటితో తృప్తిపడండి.

సవర ఇళ్ల గోడల మీద బొమ్మలు తీయొచ్చా?

ఆ ఇడితాల్ బొమ్మలు అలంకారం కోసం వేసినవి కావు, పూజలో భాగం. ఇంటి పెద్ద సరేనంటేనే లోపలికి వెళ్లండి. చెప్పులు బయట విడవండి, గోడ ముట్టుకోకండి, ఫ్లాష్ వద్దు.

ఫోటోకు డబ్బులివ్వాలా? పిల్లలకు చాక్లెట్లు?

ఫోటోకు కాదు, పనికి ఇవ్వండి. దారి చూపినందుకు కూలి, వండిపెట్టినందుకు ఖర్చు, సంతలో కొన్నదానికి బేరం లేని ధర. చాక్లెట్లు పంచితే కెమెరా కనిపించగానే పిల్లలు చేయి చాపడం అలవాటవుతుంది. పంపిస్తానని మాటిస్తే మాత్రం ప్రింట్లు తప్పక పంపండి. పోస్టు నమ్మకం లేకపోతే సంత రోజున వచ్చే వ్యాపారి చేతికిచ్చినా చేరతాయి.

## తిరిగొచ్చాక

లొకేషన్ పెట్టమని అందరూ అడుగుతున్నారు. పెట్టాలా?

దేవమాలి, దుడుమ జలపాతం లాంటివి అందరికీ తెలిసినవే, పెట్టండి. ఊరివాళ్లు మిమ్మల్ని నమ్మి చూపించిన చిన్న గెడ్డ, దేవుడి తోపు అయితే జిల్లా పేరుతో ఆపేయండి. ఫైలులో దాగి ఉండే జీపీఎస్ వివరాలు కూడా తీసేసి పెట్టండి.

ఇంటికొచ్చిన పది రోజులకు జ్వరం వచ్చింది. కొండకీ దీనికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి మలేరియా ఉన్న జిల్లాలు, అందులోనూ మెదడుకు ఎక్కే ఫాల్సిపారం రకం ఎక్కువ. దోమ కుట్టాక సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో జ్వరం వస్తుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యమవుతుంది. అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఒడిశా కొండలకు వెళ్లొచ్చానని డాక్టర్‌కి మీరే చెప్పండి, అడిగేవరకు ఆగకండి. గడ్డిలో కూర్చున్నవాళ్లు ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కులాంటి మచ్చ ఉందేమో చూసుకోవాలి. అది స్క్రబ్ టైఫస్ గుర్తు కావచ్చు, చంకల్లో, నడుము దగ్గర దాక్కుని ఉంటుంది. పరీక్ష ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి.